ముళ్లపంది అల్లుడు

ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నేను, ఏ బోల్టుకైనా పడుతుందని లోపలంతా కదిలే ఉక్కు పిన్నులున్న యూనివర్సల్ సాకెట్ అనే బోల్టులు విప్పే పనిముట్టు కొన్నాను.

ఆ వారమే అనకాపల్లి దగ్గర మా మామగారు బెల్లం వండుతుంటే గానుగలో రాయి ఇరుక్కుంది. పొయ్యి మండుతోంది, పెనంలో సగమే రసం, ఆలస్యమైతే మాడిపోతుంది. గానుగ మూతకేమో, ఊడినప్పుడల్లా చేతికందింది బిగించడంతో, ఒక బోల్టు ఆరు పలకలది, ఒకటి చదరం, ఒకటి రెక్కలది.

నా సాకెట్ చూసి బావమరిది పకపకా నవ్వాడు. "ఇదేటి బావా, ముళ్లపంది నోరా? బోల్టు ఇప్పుతావా, సక్కిలిగింతలెడతావా?"

రెండు ఊడాయి. తుప్పుపట్టిన చదరం బోల్టు మీద సాకెట్ జారింది. నా పరువూ జారబోయింది. బోల్టును సుత్తితో తట్టి, మళ్లీ పట్టించి తిప్పితే కదిలింది. రాయి తీశాం, బెల్లం బంగారంలా దిగింది.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ గానుగ ఆగినా, "ముళ్లపంది అల్లుణ్ని పిలవండ్రా!" అంటారు. డిగ్రీ రాకపోతేనేం, బిరుదొచ్చింది!