ఎన్నూరు బురదకు కుంకుమబొట్టు

ఆదికేశవులు పెరంబూరు దగ్గర ఒక బళ్లో డ్రాయింగు మాస్టరు. పిల్లలకు మామిడికాయ, కూజా గీయడం నేర్పుతాడు. ఇంటికొచ్చి తన బొమ్మ వేసుకునేటప్పుడు మాత్రం కాయా ఉండదు, కూజా ఉండదు, వట్టి రంగులే. ఆ రంగుల కోసం ఆదివారమొస్తే ఎన్నూరు బస్సెక్కేవాడు. మహానుభావుడు, సముద్రం వైపు తిరిగి కూడా చూడడు! ఉప్పుటేటిలో నీరు తీశాక మిగిలిన బురద ముందు గొంతుక్కూర్చుని, దానిమీద ఎండ ఎట్లా రంగు మారుతుందో పొద్దుగూకేదాకా చూసేవాడు. వలలు బాగుచేసుకునే బెస్తవాళ్లు, పాపం ఏదో పోగొట్టుకున్నాడనుకుని తామూ వచ్చి వెతికేవాళ్లు.

"ఏందిరా ఇది?" అని అడిగింది తల్లి గోవిందమ్మ, పందొమ్మిది వందల యాభై అయిదులో అతను వేస్తున్న పెద్ద బొమ్మ చూసి.

"ఎన్నూరమ్మా."

"పడవ యాడరా? మనిషి యాడ?"

"ఎన్నూరు చూస్తే నాకు లోపల ఏమవుతుందో అది వేస్తానమ్మా."

"లోపల ఇంత బురద పెట్టుకోని అన్నం ఎట్లా తింటావురా నాయనా!"

నాలుగేళ్లుగా అతని బొమ్మలు మౌంట్ రోడ్డు చిత్రప్రదర్శనకు వెళ్లడం, వెళ్లినంత మర్యాదగా తిరిగిరావడం. ఈసారీ తిరిగొస్తే కుంచెలు పొయ్యిలో పెట్టేస్తానని ఒట్టేసుకున్నాడు. ఉత్తుత్తి ఒట్టు కాదు, మనిషి నిజంగానే విసిగిపోయాడు. బొమ్మ దాదాపు అయింది గానీ ఎక్కడో వెలితి. అదేమిటో తట్టి చావదు. ఆయుధపూజ సెలవునాడు కూర్చుని తేల్చేద్దామనుకున్నాడు. మర్నాడు పొద్దున బొమ్మ అప్పగించాలి.

పూజనాడు తలంటుకుని వచ్చేసరికి కుంచెలూ రంగుల పలకా సరస్వతి పటం ముందు బారుగా ఉన్నాయి, అన్నిటికీ చందనం, కుంకుమ. గోవిందమ్మ రోలుకూ పెట్టింది, కత్తిపీటకూ పెట్టింది. అంతటితో ఆగిందా తల్లి? గోడకానించిన బొమ్మ నట్టనడుమ అరచేతి వెడల్పున చందనం మెత్తి, దానిమీద ఇంత కుంకుమ!

"కొంప ముంచితివే అమ్మా!"

"అరవబాకురా పండగపూట. నీ పనిముట్లలో ఇదేగదా పెద్దది. దీన్నొక్కదాన్ని బోడిగా వదిలేదా?"

తుడవబోతే పచ్చి రంగులో కుంకుమ అంటుకుపోయి ఉంది. కుంచె తీసి సరిచేద్దామంటే గోవిందమ్మ అడ్డం నిలబడింది. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు హారతి ఇచ్చేదాకా ముట్టరాదు. మర్నాడు ఆవిడ తీరిగ్గా హారతి ముగించేసరికి గడువు ముంచుకొచ్చింది. ఏడుపు దిగమింగుకుని బొమ్మను అట్లాగే చంకన పెట్టుకుని పరిగెత్తాడు. ఇంక కుంచెలు పొయ్యిలోకేనని దారంతా తిట్టుకున్నాడు.

బొమ్మ తిరిగి రాలేదు.

ప్రదర్శన రోజు తల్లికి పట్టుచీర కట్టించి తీసుకుపోయాడు. చూస్తే అతని బొమ్మ ముందే జనం! కళ్లద్దాల పెద్దమనిషి ఒకాయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "అంత బురద మధ్య ఆ ఎరుపొక్కటి! దాన్ని ఎక్కడ పట్టారు మాస్టారూ?" అన్నాడు.

ఎన్నూరు సూర్యాస్తమయం మీద పెద్ద ఉపన్యాసం ఆదికేశవుల నాలిక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లకు అడిగేవాడు దొరికాడు మరి! పక్కకు చూస్తే తల్లి, తను చేసిన తప్పు నలుగురిలో బయటపడుతుందేమోనని కొంగు నోటికడ్డం పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. అతనికి సిగ్గేసింది.

"నేను కాదండీ. మా అమ్మ పెట్టింది" అనేశాడు.

అందరూ గోవిందమ్మ వైపు తిరిగారు. ఆవిడ కొడుకు చెయ్యి గిల్లి, రహస్యమనుకుని అందరికీ వినబడేట్టే అంది:

"ఇంతమంది చూస్తారని ముందే చెప్పుంటే, ఇంకొంచెం గుండ్రంగా పెట్టుందును గదరా!"