బండి కింద ఇంటూ గుర్తు

మన చేతిరాత పత్రిక పోయిన సంచికలో మనవాళ్ళు మేస్త్రి పోయిన వార్త వేశారు. "స్పోర్ట్సు కారుకి వేగం నేర్పిన మేస్త్రి ఇక లేరు" అని పైన ఎర్ర సిరాతో రాశారు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, సంతోషం. విషయం తప్పు. ఆ కారుకి వేగం పుట్టుకతోనే ఉంది, ఎవరూ నేర్పక్కర్లేదు. మేస్త్రి నేర్పింది మెలి తిరగకుండా ఉండడం. ఈ రెంటికీ తేడా తెలియకపోతే మనుషులు పోతారు. అందుకని దిద్దుతున్నాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో దిద్దిన చెయ్యి, ఊరుకోదు.

ఆ వార్త నాకు శుక్రవారం పొద్దున్న తెలిసింది. టీ కొట్టతను గుమ్మం బయటే నిలబడి, "పంతులమ్మగోరూ, మేస్త్రి లేడండి" అన్నాడు.

"ఎక్కడికెళ్ళాడు?" అన్నాను.

అతను తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది. తెల్లారగట్ల గుండెల్లో నొప్పి అన్నాడట, మంచినీళ్ళు తెచ్చేలోపు అయిపోయిందట. నాకు ముందు ఏడుపు రాలేదు. "రేపు శనివారం కదా" అన్న మాట వచ్చింది. ఆ మాట ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మేస్త్రి షెడ్డు మా ఇంటికి రెండిళ్ళ అవతల, నరసన్నపేట హైరోడ్డు మీద. లారీలకి బాడీలు కట్టేవాడు. పని నేర్చింది బర్మాలో, రంగం పట్నంలో. యుద్ధం రోజుల్లో అక్కణ్ణించి నడిచొచ్చాడు, వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆ నడక గురించి ఎవరడిగినా "సెప్పులు మంచివి" అనేవాడు, అంతే. నవ్వేవాడు కాదు. చేతిలో ఎప్పుడూ నిమ్మకాయంత తల ఉన్న చిన్న సుత్తి ఉండేది. దేన్నయినా ముందు దాంతో కొట్టి వినేవాడు, తరవాత చూసేవాడు. మా పెరటి గిలకనీ అలాగే విన్నాడు. "ఇంకో ఆర్నెల్లు ఉంటాదండి" అన్నాడు. ఏడో నెలలో గిలక బావిలో పడింది.

ఇక కారు. మా అల్లుడికి గరివిడిలో ఉద్యోగం. బుద్ధిమంతుడే, ఆ ఒక్క విషయంలో తప్ప. విశాఖపట్నం నుంచి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల ఎర్ర కారు కొన్నాడు. పైన టాపు లేదు. వానొస్తే గుడ్డ కప్పాలి, ఎండొస్తే మొహం కప్పుకోవాలి. ఇద్దరు పిల్లల తండ్రి రెండు సీట్ల కారు కొంటే ఆ పిల్లలు ఎక్కడ కూర్చోవాలని అడిగాను. "మీ దగ్గర, అత్తయ్యగారూ" అన్నాడు. అన్నట్టే మనవలిద్దరినీ నా దగ్గర చదువుకి పెట్టాడు. వాళ్ళని చూడ్డానికి శనివారం శనివారం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చేవాడు.

టాపు లేని బండికి ఒక జబ్బు ఉంటుందట. మూత లేని అట్టపెట్టెని రెండు మూలలు పట్టుకుని తిప్పి చూడండి, ఎలా మెలి తిరుగుతుందో, ఇదీ అంతే. మలుపులో ముందు భాగం ఒక వైపు, వెనక భాగం ఇంకో వైపు. ఒకసారి కల్వర్టు దగ్గర మా అమ్మాయి వైపు తలుపు దానంతటదే తెరుచుకుంది. పిల్ల పడలేదు, కొంగు తలుపుకి చిక్కుకుంది. ఆ రోజే కారుని మేస్త్రి దగ్గర పెట్టించాను.

అతను తలుపు సందులో తాటాకు ముక్క ఒకటి పెట్టాడు. ముందు చక్రం ఒకటి రాయి మీదికి ఎక్కించాడు. "ఇప్పుడు లాగండి" అన్నాడు మా అల్లుడితో. రాలేదు. రాయి మీంచి దింపగానే ఆకు దానంతటదే జారి కింద పడింది.

"సూసేరా బాబూ! బండి ఊపిరి తీసుకుంటన్నాది. ఇనుము ఊపిరి తీసుకోకూడదు."

దీనికి మందు ఏమిటో మా అల్లుడు కలకత్తా నుంచి తెప్పించిన ఇంగ్లీషు మోటారు పత్రికలో ఉంది. బొమ్మలు బాగానే ఉన్నాయి, రాత చదవాలి. అల్లుడు గరివిడిలో ఉన్నాడు, కాబట్టి చదివే పని నాకు పడింది. ఒక మధ్యాహ్నం మా వీధి అరుగు మీద కూర్చుని నేను చదువుతూ తెలుగులో చెబుతుంటే, మేస్త్రి సుద్దముక్కతో నేల మీద గీసుకున్నాడు. బండి అడుగు చట్రం, అదే చాసిస్, దాని కింద వేసే ఆ కమ్మీని నేను "దన్ను" అన్నాను. అతను సుద్దముక్క ఆపాడు.

"దన్ను అంటే పడిపోయే గోడకి ఎడతారండి. ఇది పడిపోదు, మెలి తిరుగుతాది. దీనికి కావలసింది కట్టండి. ఇరిగిన సెయ్యికి కడతారు సూడండి, అలాటి కట్టు."

నా అనువాదాన్ని దిద్దిన మనిషి అంతకుముందు లేడు. ఆ రోజు నుంచి అతనంటే గౌరవం కలిగింది.

వారం తిరక్కుండా కట్టు కట్టాడు. రెండు ఇనప గొట్టాలు, ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటి, ఆ మూల నుంచి ఈ మూలకి ఒకటి, మధ్యలో అతుకు, నాలుగు చివర్లా బోల్టులు. కింద పడుకుని చూస్తే ఇంటూ గుర్తు. బళ్ళో తప్పు లెక్కకి నేను వేసే గుర్తే. ఆ మాట అప్పుడు నవ్వుతూనే అన్నాను.

బండి మారిపోయింది. తాటాకు పరీక్షలో ఆకు నలగలేదు. మలుపుల్లో పట్టాల మీద రైలు తిరిగినట్టు తిరుగుతోందని మా అల్లుడు ఊరంతా చెప్పుకున్నాడు. మేస్త్రి మాత్రం ముఖం చిట్లించుకునే ఉన్నాడు.

"ఏం మేస్త్రీ, బాగానే కుదిరింది కదా?"

"కుదిరినాదండి. అదే నా బయ్యం. వణికినన్నాళ్ళూ బండి నిజం సెప్పీది, బాబు నెమ్మదిగా ఎల్లీవోరు. ఇప్పుడు బిగిసిపోనాది. ఇంక ఏటీ సెప్పదు. ఇరిగినప్పుడే సెప్తాది."

రెండు నెలలు గడిచాయి. మా వంటింటి అలమరలో పరవడానికి పాత కాగితాలు వెతుకుతుంటే ఆ పత్రికే చేతికొచ్చింది. ఆ రోజు నేను చదవని ముక్క ఒకటి అడుగున ఉంది, సన్నటి అక్షరాల్లో, గీత కింద. "అదేటండి?" అని మేస్త్రి అప్పుడే అడిగాడు. కళ్ళజోడు లోపల ఉంది, లేవడానికి బద్ధకించి, "ఏదో ప్రకటన, సబ్బుదో నూనెదో" అన్నాను. ఇప్పుడు జోడు పెట్టుకుని చదివాను. బోల్టు వేసే ప్రతి చోటా చాసిస్‌కి రెండు వైపులా మందపాటి రేకు వేయాలట. వేయకపోతే బండి మెలి బలమంతా ఆ నాలుగు బెజ్జాల మీద పడి, అక్కడ బీట తీస్తుందట.

కాగితం పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. చెప్పాను. ఆ శనివారం కారు రాగానే కిందకి దూరి, నాలుగు మూలలా కొట్టి విన్నాడు. మూడు బాగున్నాయి. ఎడమ వెనక మూల, మా అమ్మాయి కూర్చునే వైపు, తలవెంట్రుకంత బీట. బోల్టులు విప్పి, రేకులు వేసి, బీటని గ్యాసుతో అతికాడు. లేచి మా అల్లుడితో అన్నాడు:

"బాబూ, తప్పు నాది. బెజ్జం వంకర ఏసీసేను. కట్టు తీసీమంటే తీసెస్తాను."

నేను నోరు తెరిచాను. అతను నా వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అలా మూసుకున్న సందర్భాలు తక్కువ, ఇది మూసుకోకూడనిది.

"వద్దు మేస్త్రీ, కట్టు ఉండాల్సిందే. అతికావు కదా" అన్నాడు అల్లుడు.

"అతుకు అతుకేనండి. వారం వారం ఇంటాను."

అప్పటి నుంచి ఏడాదిన్నర, ఒక్క శనివారం తప్పలేదు. కారు మా ఇంటి ముందు ఆగగానే గోనెపట్టా పరుచుకుని కిందకి దూరేవాడు. మూడు మూలల్లో మూడేసి దెబ్బలు, ఎడమ వెనక మూలలో నాలుగు. ఆ నాలుగో దెబ్బకీ అతను లేచి రావడానికీ మధ్య నేను ఊపిరి బిగబట్టేదాన్ని. "పలుకుతన్నాదండి" అని లేచేవాడు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా వచ్చాడు. నేను మా అల్లుడికి నిజం చెప్పేస్తానంటే, "ఎందుకండి? తవరు సెప్తే బీట పూడుతాదా? నానింటే సాలు" అన్నాడు. నా బద్ధకాన్ని ఏడాదిన్నర వీపు మీద పడుకుని మోసిన మనిషి అతను.

పోవడానికి ముందు శనివారం, నాలుగో దెబ్బ తరవాత అయిదోది కొట్టాడు. ఆరోది కొట్టాడు. లేచాక పట్టా దులపలేదు.

"బాబూ, ఎడమ యెనక పలుకు మారినాది. రేకు ఇప్పి సూడాల. గ్యాసు అయిపోనాది, శ్రీకాకుళం నుంచి రావాల. బండి ఇక్కడొదిలేసి బస్సుకెల్లిపోండి."

"సోమవారం పొద్దున్నే డ్యూటీ ఉంది మేస్త్రీ. వచ్చే శనివారం చూద్దాంలే."

ఆదివారం వెళ్ళిపోయారు. రోడ్డు మలుపు దాటేదాకా మేస్త్రి షెడ్డు ముందు నిలబడే ఉన్నాడు. చూడడం లేదు, తల వంచి వింటున్నాడు. శుక్రవారం పోయాడు.

మర్నాడు కారు మామూలుగానే వచ్చింది. మేస్త్రి ఇంటికి వెళ్ళొచ్చాక మా అల్లుడికి అంతా చెప్పాను, సబ్బు ప్రకటనతో సహా. నవ్వాడు. "అత్తయ్యగారూ, అది ఇనుము, కుండ కాదు. విజయనగరంలో చూపిస్తాను." చూపించాడట, బాగుందన్నారట. కార్డు రాశాడు. చూసినవాళ్ళు చూసే ఉంటారు. పైన నల్ల రంగు, కింద రేకు, దాని కింద బీట. విన్నవాళ్ళు లేరు. ఏజెన్సీ కొండల్లో తిరుగుబాటు గొడవల మూలాన రోడ్డు మీద పోలీసులు కూడా బండి ఆపి పెట్టెలు తెరిపిస్తున్నారు. వాళ్ళూ కింద చూడరు.

పోయిన శనివారం పని ఉండి రాలేదు. ఈ శనివారం వస్తున్నారు. మా అమ్మాయికి అయిదో నెల. "బస్సుకి రావే" అని రాస్తే, "ఆయన ఒక్కరూ వస్తే ఇంకా జోరుగా తోలతారమ్మా" అని జవాబు.

పదకొండో రోజున మేస్త్రి భార్య ఆ సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీకిమ్మని అనలేదండి. ఇంకెవులికివ్వాలో తెలీనేదు" అంది. అప్పటి నుంచి కిటికీ ఊచలు కొట్టి వింటున్నాను. పక్కింటివాళ్ళు నాకు మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనివ్వండి.

ఇప్పుడు పని చెబుతాను. మన ఈ చేతిరాత పత్రిక గురువారం ఇక్కడ, శుక్రవారం శ్రీకాకుళంలో, శనివారం పొద్దున్నకి అరసవల్లి పఠనమందిరంలో ఉంటుంది. పత్రిక వెళ్ళే సంచితో పాటు సుత్తి కూడా పంపిస్తున్నాను. అరసవల్లివాళ్ళు జాగ్రత్తగా చదవండి. మా అమ్మాయి దర్శనం చేసుకోకుండా ఊరు దాటదు. పది గంటల ప్రాంతంలో ఎర్ర కారు కొబ్బరికాయల కొట్ల పక్కన అరగంట ఆగి ఉంటుంది. సంతలో కుండ మోగించి కొనే ఆడమనిషిని ఎవరినైనా పిలవండి. మగవాళ్ళు వద్దు, ఇనుము అనగానే చూస్తారు. పట్టా పరిచి, కింద ఉన్న ఇంటూ గుర్తుకి నాలుగు చివర్లా కొట్టించండి. ఎడమ వెనక మూల అన్నిటికన్నా ఆఖర్న. నాలుగూ ఒకేలా పలికితే వదిలేయండి, ఇక్కడ నేను వింటాను. అది ఒక్కటీ బీటిచ్చిన కుండలా పలికినా, పలికిందో లేదో అనుమానం వచ్చినా, వెనక చక్రాలు రెంటిలోనూ గాలి తీసేయండి. ఒక్కటి తీస్తే లాభం లేదు, స్టెప్నీ ఉంది. మా అల్లుడు కేకలు వేస్తాడు. నా పేరు చెప్పండి.

మా అమ్మాయిని నీడలో కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇప్పించి, నరసన్నపేట బస్సు ఎక్కించండి. ముందు సీటు, కుదుపు తక్కువ. సుత్తి ఆమె చేతికివ్వండి.