గేమ్‌లో అయితే మిషన్ ఫెయిల్

ఫిబ్రవరిలో, తూర్పు ఇంగ్లాండ్‌లోని ఒక వైమానిక స్థావరం గేటు దగ్గర వ్యాను నన్ను దించి వెళ్ళిపోయింది. సన్నటి వాన. చుట్టూ బీట్ దుంపల పొలాలు. కొండ అన్నది లేదు, గాలిని ఆపేది లేదు. నేను లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో పెరిగిన తెలుగువాణ్ణి, బ్రిటిష్ ఆర్మీలో అనలిస్టుని. ఆకాశం నుంచి తీసిన వీడియోల్లో ఏముందో చదివి చెప్పడం నా పని. డ్రోన్ దళంతో కలిసి ఆరు నెలలు పనిచేయమని పంపారు. రైఫిల్ ఇవ్వలేదు. ఒక పాస్, ఒక హెడ్‌సెట్, ఒక ఫ్లీస్ జాకెట్ ఇచ్చారు.

యుద్ధం వేల మైళ్ళ అవతల. మేముండేది కిటికీలు లేని కంటెయినర్‌లో. యంత్రాలు వేడెక్కకూడదని లోపల ఎప్పుడూ చలి. షిఫ్టు పొద్దున్న ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా. ఎడమ సీట్లో పైలట్. ఆఫీసరు, ఇంటి దగ్గర గులాబీలు పెంచుతాడు, వీడియో గేమ్ జన్మలో ముట్టలేదు. కుడి సీట్లో కెమెరా ఆపరేటర్, గ్లాస్గోవాడు. వదిలిన క్షిపణి ఎక్కడ పడాలో లేజర్‌తో చూపించేది అతని చెయ్యి. వాళ్ళ వెనక నేను. మేం మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది.

ఆపరేటర్ ఇంటికెళ్ళగానే తుపాకీ గేమ్స్ ఆడేవాడు. ఆ సంగతి దాచుకునేవాడు కాదు. భార్యకి ఏడో నెల. కాపురం స్థావరంలోని క్వార్టర్స్‌లో. "ఈ ఉద్యోగం పోయిందా, ఇల్లు కూడా పోయినట్టే," అనేవాడు.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. నాకు తెలిసిందంతా లైబ్రరీల్లో నేర్చుకున్నది, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అక్కడికీ సంచీ నిండా పుస్తకాలు మోసుకెళ్ళాను.

"ఏం చదువుతున్నావ్ ప్రొఫెసర్?" అన్నాడు ఆపరేటర్ టీ విరామంలో.

"తుపాకీ గేమ్స్ ఆడినవాళ్ళు క్రూరులవుతారా అని."

"నా గురించే అన్నమాట. అవుతానా మరి?"

"తేలలేదు. కొందరు కొంచెం అవుతారంటారు. కొలిచిన తీరే తప్పని ఇంకొందరు. ల్యాబ్‌లో గేమ్ ఆడించి, తర్వాత ఎదుటివాడి ప్లేటులో ఎంత కారం వేస్తారో చూస్తారట."

"ఎక్కువేస్తే?"

"దుర్మార్గుడు."

"మొన్న సెలవుకి మీ ఇంటికొచ్చి మీ అమ్మ చేసిన కోడి కూర తిన్నాన్రా నేను. ఆవిడని వెంటనే అరెస్టు చెయ్యాలి."

"ఆ లెక్కన గుంటూరు మొత్తాన్నీ చెయ్యాలి."

"టీ అయిందా?" అన్నాడు పైలట్, తల తిప్పకుండా.

మే నెల. ఒక మధ్యాహ్నం. మూడు వారాలుగా ఒక మట్టి ఇంటిని చూస్తున్నాం. లోపలున్నవాడు మా సైనికుల దారిలో బాంబులు పాతినవాడు. అందులో నాకు అనుమానం లేదు, ఇప్పటికీ లేదు. పై నుంచి అనుమతి వచ్చింది. వాడు వాకిట్లోకొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాకిట్లో, చుట్టుపక్కల ఇంకెవరూ లేరని నేను చెప్పాను. అప్పటికి ఎవరూ లేరు.

పైలట్ వదిలాడు. క్షిపణి నేల చేరడానికి ఇరవై సెకన్లకు పైగా పడుతుంది. సగం దారిలో ఉండగా ఇంట్లోంచి ఒక ఆడమనిషి బకెట్టు పట్టుకుని వచ్చింది.

"ఆడమనిషి," అన్నాను.

"చూశా. పక్కకి తిప్పనా?" అన్నాడు ఆపరేటర్.

పైలట్ మాట్లాడలేదు.

"సర్, తిప్పనా?"

పైలట్ ఇంకా మాట్లాడలేదు. ఆపరేటర్ లేజర్‌ని గోడ దాటించి ఖాళీ పొలంలోకి జరిపాడు. అలా జరపడం మా శిక్షణలో ఉన్నదే. కానీ మాట పైలట్ ఇవ్వాలి.

"గేమ్‌లో అయితే ఈమెని కొడితే మిషన్ ఫెయిల్," అన్నాడు ఆపరేటర్. "మళ్ళీ మొదటి నుంచి ఆడాలి." అది హాస్యమని నేను అనుకోలేదు.

పొలంలో తెల్లటి వెలుగు. బాంబులవాడు వెనక గోడ దూకి పారిపోయాడు.

పైలట్ మాట లేకుండా లేజర్ జరిపాడని ఆపరేటర్ మీద జూన్‌లో విచారణ జరిగింది. ముగ్గురు ఆఫీసర్లు, ఒక జగ్గు నీళ్ళు. ఆపరేటర్ అన్న గేమ్ మాటను స్పీకర్‌లో వినిపించి నన్ను పిలిచారు.

"గేమ్ అన్నాడా?"

"అన్నాడు సర్. కానీ అంతకు ముందు పైలట్‌ని రెండుసార్లు..."

"అడిగినదానికి చెప్పు."

"ఈ విషయం మీద నేను చదివిన పుస్తకాల్లో..."

"పుస్తకాలు మాకూ ఉన్నాయి."

ఆపరేటర్‌ని కూడా అడిగారు. రోజుకి ఎన్ని గంటలు ఆడతావు, ఏ గేమ్, అందులో ఎవరిని చంపుతావు. ఆ కంటెయినర్‌లో పన్నెండు గంటలు ఏం చేస్తావని ఒక్కరూ అడగలేదు. పైలట్ ఎందుకు నోరు మెదపలేదనీ అడగలేదు. గేమ్స్ వల్ల ఇతను వాస్తవమేదో మరిచిపోయాడని తేల్చారు. కొత్తవాళ్ళని చేర్చుకునే మేళాల్లో గేమ్ ఆడే కుర్రాళ్ళనే వెతికి తెచ్చి ఈ సీట్లలో కూర్చోబెట్టేది కూడా వీళ్ళే.

ఉద్యోగం పోయింది. పాపకి ఇరవై రోజులు నిండకముందే క్వార్టర్స్ ఖాళీ చేశారు. అట్టపెట్టెలు మోయడానికి నేనూ వెళ్ళాను.

"మీ అమ్మకి చెప్పు, కూర బాగుందని," అన్నాడు.

ఆగస్టులో నా డ్యూటీ ముగిసింది. ఇల్ఫర్డ్ తిరిగొచ్చాను. ఏడాది తిరక్కుండానే ఆర్మీ వదిలేశాను. పైలట్‌కి ప్రమోషన్ వచ్చిందని విన్నాను.

ఇక్కడ మనవాళ్ళు కలిసి భోజనం చేసే ప్రతిచోటా ఎవరో ఒక ఆంటీ నన్ను పట్టుకుంటుంది.

"నువ్వు మిలిట్రీలో చేసొచ్చావుగా నాయనా. మావాడికి నాలుగు ముక్కలు చెప్పు. ఆ గన్ గేములాడీ ఆడీ రాక్షసుడైపోతాడేమోనని భయంగా ఉంది."

"నిద్ర మానేస్తే తిట్టండి ఆంటీ. చదువు మానేస్తే తిట్టండి."

"అంటే, గేముల వల్ల ఏం కాదంటావా?"

ఏం కాదని నేను అనలేను. ఆ పూట ఆపరేటర్ చెయ్యి జరగడానికి కారణం గేమ్ నేర్పిందో, వాళ్ళమ్మ నేర్పిందో నాకు తెలియదు. ఏ లైబ్రరీలోనూ దొరకలేదు. కానీ ఏ గేమూ ఆడనివాడు ఆ పది సెకన్లూ ఎలా కూర్చున్నాడో చూశాను. ప్లేటు చేతిలో పట్టుకుని అదంతా ఎక్కడ చెప్పను?

విచారణలో రికార్డింగ్‌ని పేలుడు దగ్గరే ఆపేశారు. ఆ తర్వాతిది చూసింది మేం ముగ్గురమే. పొలంలోంచి లేచిన దుమ్ము ఇంటిని కప్పేసింది, మెల్లగా తేలిపోయింది. ఆమె నేల మీద ముడుచుకుని ఉంది. చాలాసేపటికి లేచింది. పైకి చూడలేదు. బకెట్టు బోర్లా పడి ఉంది. అందులోంచి చెదిరిన తడి బట్టల్ని ఒక్కొక్కటే ఏరుకుంది, మట్టి దులిపింది, తీగ మీద ఆరేసింది. చివరిది పసివాడి చొక్కా. దాన్ని మాత్రం ఆరేయకుండా ముఖానికి అదుముకుని, అలాగే నిలబడిపోయింది.