హంతకుడు గారు

ఇంగ్లీషు డిటెక్టివ్ నవలను తెలుగులో నోటితో చెప్పడం కుదరదని నాకు బహ్రెయిన్లోని సిత్రాకు వచ్చాక తెలిసింది. చెప్పొచ్చు గానీ హంతకుణ్ణి దాచలేం. ఇంగ్లీషులో అందరూ ‘హీ’నే. దొర ‘హీ’, దొరగారి తోటమాలి ‘హీ’, పీక పిసికినవాడూ ‘హీ’నే. మన దగ్గర మనిషి గుమ్మంలోకి రాగానే ఆయనో, అతనో, వాడో తేల్చుకోవాలి. తేలందే క్రియ ముందుకు నడవదు. ‘వచ్చాడు’ అంటే ఒక కేసు, ‘వచ్చారు’ అంటే ఇంకో కేసు. చివరి పేజీ ముందే చదివేసినవాడి నోట్లో ఆ ఒక్క అక్షరం నిలవదు, జారిపోతుంది.

అలా నా నోట్లోంచి చాలామంది హంతకులు జారిపోయారు. ఒక చావు వార్త కూడా అలాగే జారింది.

నేనిక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్ని. గోదారి వదిలి ఎడారి దారి పట్టినవాణ్ణి. బీకాం చదివి బోల్టులకు కాపలా కాస్తున్నాను. మా సైటులో పనిచేసిన ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన రిటైరై వెళ్ళిపోతూ, తన క్యాబిన్ ఖాళీ చేసి ఒక అట్టపెట్టె నా కౌంటరు మీద పెట్టించాడు. పారేయమని చెప్పాడట. స్టోరులోకి వచ్చిన సామాను పారేయడం నా చేతకాదు. విప్పి చూస్తే అన్నీ నవలలే. అన్నీ ఒకే రచయిత్రివి, అన్నిట్లో ఒకే ఇన్‌స్పెక్టరు. అప్పటినుంచి నేను స్టోర్‌కీపర్నే కాక స్టోరీకీపర్ని కూడా.

ఆ ఇన్‌స్పెక్టరుకు కారు నడపడం రాదు. ఎప్పుడూ వాన పడే ఒక చిన్న ఊళ్ళో బస్సెక్కి తిరుగుతూ హత్యలు తేలుస్తాడు. (తేలుస్తారు అనాలేమో. చూశారా, ఇదే నా బాధ.) పుస్తకాల వెనక అట్ట మీద రచయిత్రి ఫొటో ఉంటుంది. మొదటి పుస్తకం మీద పొడుగు కోటు వేసుకున్న పడుచుపిల్ల. వరసగా పేర్చి చూస్తే కోటు పోయి శాలువా వస్తుంది, కళ్ళజోడు వస్తుంది, జుట్టు తెల్లబడుతుంది. అన్నేళ్ళలో ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఒక్క వెంట్రుక నెరవలేదు. వయసంతా ఆవిడే మోసింది, అతనికి ఒక్క ఏడాది కూడా పంచలేదు. ఆఖరి పుస్తకం ఆవిడ పోయాక అచ్చయింది. ఆ సంగతి లోపలి అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంది, ధర పక్కన.

వినేది ముఖ్యంగా ఒకే మనిషి. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన అన్న, స్కాఫోల్డింగ్ పని. ఆయిలు ట్యాంకుల చుట్టూ ఇనుప గొట్టాలతో మంచెలు కట్టి, వాటి మీదే పొద్దంతా నిలబడే పని. ఊళ్ళో వాళ్ళకు మాత్రం దుబాయిలో ఉన్నానని చెప్పాడు. బహ్రెయిన్ అంటే అదెక్కడని అడుగుతారు, దుబాయి అంటే ఎవరూ అడగరు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. ఆ నాలుగు గంటలూ ఏసీ క్యాబిన్లో అట్టముక్కలు పరుచుకుని మనుషులు పడుకుంటారు. అన్నకు పగలు నిద్ర రాదు. నాకు వస్తుంది గానీ రానివ్వడు.

"సారు, గా డాక్టరే సంపిండు" అన్నాడు ఒకరోజు.

"సగం కూడా కాలేదు కదన్నా. ఎలా తెలిసింది?"

"మొదటి సంది డాక్టర్ గారు, డాక్టర్ గారు అన్నవు. ఇప్పుడేమో బ్యాగు సర్దుకున్నాడు అన్నవు. గారు ఏడ వోయింది?"

తర్వాతి పుస్తకంలో నేను జాగ్రత్తపడ్డాను. అందరికీ గారు తగిలించాను. వంటమనిషి గారు, పోస్టుమాన్ గారు, ఆఖరికి కుక్క గారు కూడా మొరిగారు. అయినా పట్టేశాడు.

"మీ గోదారోళ్ళకు గారెల లెక్క గార్లు గూడ ఎక్కువే సారు. అందరికి ఏస్తవు గని సంపినోనికి రెండు ఎక్కువేస్తవు."

రచయిత్రి అన్ని పేజీలు కష్టపడి దాచిన రహస్యాన్ని నా మర్యాద గంటలో బయటపెట్టేది. ఆవిడ తప్పేం లేదు. నా ఇంగ్లీషు ఖూనీ, నా కథ కూనిరాగం, అన్నీ కలిసి అలా అయ్యేది.

అన్నకు ఊళ్ళో ఒక తమ్ముడున్నాడు. ఆటో నడిపేవాడు. రోజూ పొద్దున్న కంపెనీ బస్సులో, గేటు దగ్గర ఫోన్లు లాకర్లో పెట్టించుకునే లోపు, అన్నదమ్ములిద్దరూ తిట్టుకునేవాళ్ళు. అంతకంటే మాట్లాడుకునేది ఏమీ ఉండేది కాదు.

"లత్కోరు, లేసినవార?"

"నేను లేసి రెండు ట్రిప్పులు గొట్టిన. నువ్వు లేసినవా దుబాయి షేకు?"

"ఆటోకు బ్రేకులేపిచ్చినవా?"

"నీ నోటికేపియ్యాలె బ్రేకులు."

ఒక్కోసారి ఫోను నా చేతికిచ్చేవాడు. నేనూ ఆ తమ్ముణ్ణి ‘ఒరేయ్’ అనేవాణ్ణి. ఎప్పుడూ చూడని మనిషిని ఒరేయ్ అనడం నా జన్మలో అదొక్కటే. అలా అనకపోతే ఊరుకునేవాడు కాదు. "స్టోరన్నా, గారు అంటే ఫోన్ పెట్టేస్త" అనేవాడు. బస్సంతా వాణ్ణి వాడనే అనేది.

ఆ రోజు బస్సులో అన్న ఫోను చేస్తే అవతల ఎత్తలేదు. "పన్నట్టున్నడు బద్ధకపోడు" అని లాకర్లో పడేశాడు.

పన్నెండుకు కాస్త ముందు ఫోర్‌మన్ నా కిటికీ దగ్గరికి వచ్చాడు. మలయాళీ, మాతో హిందీలో మాట్లాడతాడు.

"భాయ్, ఉస్‌కా ఛోటా భాయ్ ఖలాస్."

గ్లౌజులు అయిపోయినా ఇక్కడ ఖలాస్ అంటారు, డ్యూటీ అయిపోయినా ఖలాసే. నాకు మొదట ఏ సామాను అయిపోయిందో అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. తెల్లవారుజామున ఆటోను లారీ గుద్దింది. వాళ్ళింటివాళ్ళు క్యాంపు ఆఫీసుకు ఫోను చేశారు. అన్న వచ్చి మొహం చూసేదాకా ఉంచుతామన్నారు, రేపు మధ్యాహ్నం దాటితే మాత్రం ఆగలేమన్నారు. కంపెనీ టికెట్టు చూస్తోంది. పాస్‌పోర్టు సనాబిస్‌లోని హెడ్డాఫీసులో ఉంది, కఫీల్ సంతకం, అంటే మా వీసా యజమాని సంతకం కావాలి. సాయంత్రం ఫ్లైటు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

"టికెట్ ఆనే తక్ మత్ బోలో" అన్నాడు, టికెట్టు వచ్చేదాకా చెప్పొద్దని. చెబితే ఏం చేస్తాడో తెలియదు, నాలుగింటికి మళ్ళీ పైకెక్కుతాడు, అంత ఎత్తున ఆ మనసుతో నిలబడకూడదు, నీ కథతో కిందే కూర్చోబెట్టు అన్నాడు. వెళ్ళిపోయాడు.

అంటే ఈసారి చంపినవాణ్ణి కాదు, చచ్చినవాణ్ణి దాచాలి.

నాకు దుఃఖం రాలేదు. ఏదో వస్తుందని కాసేపు చూశాను కూడా. రాలేదు. ఒకతను వచ్చి డ్రిల్లు బిట్లు అడిగితే ఇచ్చాను. తర్వాత పుస్తకం పట్టుకుని క్యాబిన్‌కు నడిచాను. ఎండకు హెల్మెట్టు పెట్టుకోవాలని కూడా తోచలేదు.

ఆ రోజు కథ కొత్తది. ఒక పియానో మాస్టారి శవం చర్చి వెనక దొరుకుతుంది. నేను ఆ చర్చిని చాలాసేపు వర్ణించాను. రచయిత్రి రాయని కిటికీలు పెట్టాను, రాయని మెట్లు కట్టాను. ఇన్‌స్పెక్టరు ఎక్కిన బస్సును ప్రతి స్టాపులో ఆపాను.

"ఎక్స్‌ప్రెస్ ఎక్కియ్యి సారు, పల్లెవెలుగు లెక్క పోతున్నది" అన్నాడు అన్న.

నవ్వాను. నవ్వు బాగానే వచ్చింది. ఆవిడ పుస్తకాల్లో ఎవరైనా పోతే ఎవరూ ఏడవరు. ఎవరో ఒకరు లేచి టీ కాస్తారు. ఇంగ్లీషువాళ్ళు రాతిమనుషులని అన్న తీర్మానించాడు గానీ, ఆ మధ్యాహ్నం నాకు వాళ్ళ మీద ఆ అనుమానం పోయింది. టీ ఉండి ఉంటే నేనూ కాసేవాణ్ణి.

పియానో మాస్టారి ఇంటికి ఇన్‌స్పెక్టరు వెళ్ళి తలుపు కొట్టే చోట అన్న అడ్డం వచ్చాడు.

"ఇయ్యాల మా లత్కోరుగాడు ఫోన్ ఎత్తలే సారు. రాత్రి తాగి పన్నడో ఏమో."

"లేదులే అన్నా. ఆయనకి ఏం పని పడిందో" అన్నాను.

అని, తలుపు సంగతి ఎత్తుకున్నాను. తలుపు తెరిచింది ఒక ముసలావిడ అన్నాను. చేతిలో కెటిల్ ఉంది అన్నాను. అన్న అట్టముక్క మీద లేచి కూర్చున్నాడు.

"ఎవలికి?"

"ఏంటన్నా?"

"ఎవలికి పని వడ్డది? ఆయనకా? మావోడు నీకు ఎప్పటి సంది ఆయన?"

"అదే, కథలో ఆ..."

"కథల కాదు సారు."

మా వైపు మనిషి పోగానే గౌరవం వచ్చేస్తుంది. బతికుండగా ఒరేయ్ అన్నవాణ్ణి పోయాక ఆయన అంటాం. ఆ అలవాటు నా నోట్లో నాకంటే ముందే కూర్చుని ఉంది. ఏసీ గట్టిగా మోగుతోంది. పక్కన ఎవరో గురకపెడుతున్నారు.

"ఎప్పుడు?" అన్నాడు.

"తెల్లవారుజామున."

"ఆటోనేనా?"

"లారీ గుద్దింది."

తల ఊపాడు. ట్యాంకు మీద ఏ గొట్టం ఎక్కడ బిగించాలో చెబితే ఊపినట్టే ఊపాడు. టికెట్టు సంగతి, పాస్‌పోర్టు సంగతి, రేపు మధ్యాహ్నం సంగతి చెప్పాను. అన్నిటికీ ఊపాడు.

"లాకర్లోంచి ఫోను తెప్పించనా అన్నా?"

"ఎందుకు? ఇప్పుడు అందరు ఏడుస్తుంటరు. ఏడ్సినంక చేస్త. కథ చెప్పు" అన్నాడు.

"అన్నా..."

"నాలుగింటి దాక ఏం జేయాలె మరి? చెప్పు. ఇగ దాసిపెట్టకు, సంపినోడెవడో ముందుగాలనే చెప్పు."

చెప్పాను. ఆ కెటిల్ పట్టుకున్న ముసలావిడే. ఎందుకంటే పియానో మాస్టారు ఒకప్పుడు ఆవిడ చెల్లెల్ని పెళ్ళిచేసుకుంటానని చేసుకోలేదు. అన్న శ్రద్ధగా విన్నాడు. చెల్లెలి వయసెంత అని అడిగాడు. విషం దేంట్లో కలిపిందని అడిగాడు.

"ప్రతి సావుకు ఒక కారణం పెడ్తది గదా ఈ ముసలమ్మ" అన్నాడు చివరికి.

"పెడుతుందన్నా."

"మావోన్ని గుద్దిన లారోనికి మావోడు ఎవలో గూడ తెల్వదు. గిసొంటిది రాసిందా ఎన్నడన్న?"

అన్ని పుస్తకాలూ గుర్తు తెచ్చుకున్నాను. "లేదన్నా. రాయలేదు."

"ఎట్ల రాస్తది. అడగనీకి ఏముంటది అండ్ల."

నాలుగింటికి విజిల్ వేశారు. మనుషులు లేచి నీళ్ళు తాగి హెల్మెట్లు తగిలించుకుంటున్నారు. టికెట్టు కబురు ఇంకా రాలేదు. అన్న కూడా లేచి, ఎత్తున పనిచేసేవాళ్ళు ఒంటికి కట్టుకునే బెల్టు కట్టుకోవడం మొదలుపెట్టాడు. పైకి వెళ్ళొద్దన్నాను. కింద కూర్చుని మాత్రం ఏం చేయాలన్నాడు. గొంతులో ఏమీ లేదు, కోపం కూడా లేదు. అది చూసే నాకు భయమేసింది. ఆ మధ్యాహ్నం నాకు కలిగింది అదొక్కటే.

ఆ బెల్టులన్నీ నా స్టోరువి. మూడు నెలలకోసారి పరీక్ష చేసి కొత్త రంగు టేపు చుట్టి ఇస్తాను. పాత రంగుదైతే ఎవరూ పైకెక్కకూడదు.

"అన్నా, నీ బెల్టు టేపు పాతది. స్టోరుకు వాపసు ఇవ్వాలి" అన్నాను.

అన్న టేపు వైపు చూశాడు. నేనే ఆ వారమే చుట్టిన టేపు. మంచి పచ్చరంగు.

"పాతదా?"

"పాతదే."

ఒక్కో బకిల్ విప్పి నా చేతికిచ్చాడు. చెమటకు తడిగా, బరువుగా ఉంది. ఫోర్‌మన్ దూరంనుంచి చూస్తూ ఉన్నాడు.

స్టోరులో, పెయింటు డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. నేను బెల్టును మేకుకు తగిలించి, వచ్చేపోయేవాళ్ళకు సామాను ఇస్తూ ఉన్నాను. అన్న ఆఖరి పుస్తకం తీసుకుని వెనక అట్ట మీది ఫొటో చూశాడు.

"ఈమెకు తమ్ముండ్లు ఉండెనా?"

"రాయలేదన్నా."

"ఇంతమందిని సంపింది, గా పోలీసాయన్ని మాత్రం ముట్టకుంట పోయింది" అన్నాడు. పుస్తకం జాగ్రత్తగా పెట్టెలో పెట్టేశాడు.

ఎండ తగ్గుతుండగా సనాబిస్ నుంచి ఆఫీసు కారు వచ్చింది. డ్రైవరు చేతిలో పాస్‌పోర్టు ఉంది. "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. ఫ్లైటుకు ఎక్కువ టైము లేదు. క్యాంపుకు వెళ్ళి బట్టలు తెచ్చుకునే వీలు లేదు. అన్న పని బట్టల మీదే ఎక్కాడు, పక్కన నేనెక్కాను. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ముహర్రక్ వంతెన మీద కార్లు ఆగిపోయి ఉన్నాయి. నేను వాచీ చూడకుండా సముద్రం చూశాను. అన్న ఇంటికి ఫోను చేసి, "వస్తున్న. ఆపుండ్రి" అని పెట్టేశాడు. అవతలి ఏడుపు కారంతా వినిపించి ఆగింది.

ఎయిర్‌పోర్టు అద్దాల దగ్గర, లోపలికి వెళ్ళేముందు, బూట్లకున్న మట్టి కాలిబాట అంచుకు రుద్ది రుద్ది తుడిచాడు. "సామాన్?" అని అడిగాడు గేటు దగ్గరి మనిషి. అన్న ఖాళీ చేతులు చూపించాడు. వెళ్ళిపోయాడు. నేను తిరిగొచ్చి, తిని, పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు గేటు దగ్గర బతిమాలి, ఫోను లాకర్లో పెట్టకుండా పొద్దున్నంతా కౌంటరు మీదే పెట్టుకున్నాను. హైదరాబాదులో దిగాక ఊరికి ఇంకా చాలా దూరం. విరామం దగ్గర పడుతుండగా వాయిస్ మెసేజి ఒకటి వచ్చింది.

"అందిన సారు. ఐస్ డబ్బల వెట్టిండ్రు. చూసిన. మొఖానికి ఏం కాలే. ఇగ పాడె లేపుతున్రు, పెట్టేస్తున్న."

ఇంకోసారి పెట్టుకుని విన్నాను. వెనకాల డప్పులు, ఎవరో ఆడమనిషి గొంతు. కౌంటరు దగ్గర ఒకతను గ్లౌజులడిగాడు. సైజు కనుక్కుని ఇచ్చాను.