విస్తరి ముందు ఆగిన గుండె

నాకు గుర్తున్నంతవరకు ఆ మధ్యాహ్నం పప్పులో నెయ్యి కలుపుకొన్నాను. తర్వాత కళ్ళు తెరిస్తే ఆస్పత్రి. మధ్యలో జరిగిందంతా జనం చెబితే తెలిసిందే. నరసరావుపేటలో బంధువుల పెళ్ళి. మొదటి బంతిలోనే కూర్చున్నాను, తిండి దగ్గర నేనెప్పుడూ వెనకపడను. విస్తట్లో ముఖం పెట్టి పడిపోయానట.

కాళ్ళూచేతులూ కొట్టుకుంటుంటే మూర్ఛ అనుకుని ఎవరో తాళాల గుత్తి నా గుప్పిట్లో పెట్టారట. ఇంకొకరు సోడా తాగించబోయారు. అది మూర్ఛ కాదు, గుండె ఆగిందని పోల్చుకున్నది మా కోడలు. తను బడిలో టీచరు, అక్కడ పెట్టిన శిక్షణలో నేర్చుకుంది. నన్ను నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్య రెండు చేతులూ ఆనించి పక్కటెముకలు విరిగేంత బలంగా నొక్కింది. మా అబ్బాయిని గోడకున్న పెట్టె తెమ్మని కేకేసింది. ఆగిన గుండెకు షాకిచ్చే ఆ మిషన్‌ని ఊరి పెద్దలు కల్యాణమండపానికి విరాళమిచ్చారు. నేను దాన్ని ఫ్యూజు బాక్సు అనుకునేవాణ్ణి.

మా ఇళ్ళలో కోడలు మామకు కాఫీ తెచ్చినా గ్లాసు బల్ల మీద పెడుతుంది, చేతికివ్వదు. అలాంటిది పెళ్ళికొచ్చిన జనమంతా చూస్తుండగా నా లాల్చీ చింపి, ఛాతీకి మిషన్ ప్యాడ్లు అంటించి, "ఎవరూ ముట్టుకోవద్దు!" అని అరిచింది. షాకిచ్చేటప్పుడు మనిషిని తాకకూడదు మరి. నా అరికాళ్ళు రుద్దుతున్న మా అక్కకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇంటికొచ్చాక అక్క వసారాలో ఎవరితోనో అంటోంది. "బతికాడు, చానా సంతోషం. అయినా మొగోళ్ళు లేరా ఆడ? మామ గుండెల మీద చేతులేసి, పైగా నన్ను ముట్టుకోవద్దంటదా? ఏందమ్మా ఈ చోద్యం!"

కోడలు వంటింట్లోనే ఉంది. మేలుకునే ఉన్న నేను కళ్ళు మూసుకున్నాను. దాపరికమెందుకు, నాకూ తలకొట్టేసినట్టే ఉంది. విత్తనాల కొట్టు పెట్టి బజారులో పెద్దమనిషినని తిరిగేవాణ్ణి కదా. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎట్లా గట్టెక్కావని అడిగితే "దేవుడి దయ" అన్నాను. ఒక్కరితో కాదు, వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట. కోడలు వాళ్ళకు మంచినీళ్ళిస్తూ వినేది.

తర్వాత ఎవరో పుణ్యాత్ముడు తీసిన వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులో పడింది. చూశాను. నా పంచె తడిసిపోయి ఉంది. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. షాకిచ్చాక కూడా ఆ పిల్ల చెమటలు కక్కుతూ నొక్కుతూనే ఉంది. నేను మూలిగాను. అందరూ ఒక్కసారిగా అరిచారు. తను మాత్రం పక్క బల్ల మీది గుడ్డ లాగి నా నడుము మీద కప్పింది. ఆ తర్వాతే కూలబడి ఏడ్చింది.

అంతమందిలో నా పరువు సంగతి పట్టించుకున్నది ఆ పిల్ల ఒక్కతే. నేను తన పరువు నా ఇంట్లో కూడా నిలబెట్టలేదు. సిగ్గుతో ఆ రోజు అన్నం మెతుకు దిగలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క ఎదురుగానే కోడల్ని పిలిచాను. "అక్కా, నన్ను బతికించింది ఈ పిల్ల. ఇంకో మాటన్నావంటే నా మీద ఒట్టే" అన్నాను. అక్క మొహం తిప్పుకుంది. మంచం పక్కనున్న కుర్చీ చూపించి కోడలితో "కూర్చోమ్మా" అన్నాను. తను మా ఇంటికొచ్చాక ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

కుర్చీ వంక చూసింది. "ఫర్లేదు మామయ్యా, నిలబడ్డం అలవాటైపోయింది" అంది.