అమెరికా అన్నకి ఆకా, కంచమా

“ఏమే, ఆ ఒహాయో మనిషి మన మామేనంటావా?” అన్నాడు మా ఆయన. “ఆయనే. ఇక కళ్ళు మూసుకోండి” అన్నాను. ఆస్పత్రిలో మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలివి. నేను మూసుకోమన్నది నిద్రకి. కాపురం చేసినన్నాళ్ళూ నా మాట ఒక్కటి వినని మనిషి, పోయి పోయి ఆ ఒక్కటీ విన్నాడు. (రాసుకో చెల్లీ, కళ్ళు తుడుచుకుని రాసుకో. ఇది నవ్వుల కథే, మొదలే ఇలా వచ్చింది.)

నాకు సంతకం చేయడం, బస్సు నంబరు గుర్తుపట్టడం వచ్చు, అంతే. అందుకని నేను చెబుతుంటే మా తోడికోడలు రాస్తోంది. ఆమె రాజమండ్రి నుంచి ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, మా మరిదిని చేసుకుని మా కుటుంబంలో చిక్కుకుపోయింది. నా గొంతు నేను పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో ఆవిరికి ఎప్పుడో బొంగురుపోయింది కాబట్టి, కొన్ని మాటలు ఆమె ఊహించి రాస్తే ఆ తప్పు నాది కాదు. మాది ఫిజీ. చెరకు తోటల పనికని ఓడెక్కిన తెలుగువాళ్ళ మునిమనవరాలిని. అక్కడ ప్రభుత్వాన్ని పడగొట్టిన గొడవలైన తర్వాత కొత్త పెళ్ళికూతురిగా న్యూజిలాండ్ వచ్చి ఆక్లండ్‌లో దిగాను. ఆ వయసులో ఎవరికైనా కాళ్ళు ఒకచోట నిలవవంటారు. మా ఇంట్లో మాత్రం నా కాళ్ళే నిలిచేవి. మిగతావాళ్ళందరూ ఒక అమెరికా సైనికుడి కోసం తిరుగుతూనే ఉండేవారు.

ఆ సైనికుడు మా అత్తగారి అన్న. అంటే తోడబుట్టినవాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫిజీలో నాందీ ఊరి దగ్గర అమెరికా సైన్యం గుడారాలు వేసుకుని ఉండేదట. మా అత్తగారి తల్లి వాళ్ళ బట్టలు ఉతికేది. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఒక ఎర్రజుట్టు కుర్రవాడు, వంటింటి గడప మీద కూర్చుని అన్నం వాసన చూశాడట. ఆవిడ ఒక ముద్ద పెట్టింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు. అంతటితో అతను ఆ ఇంటి పెద్దకొడుకు అయిపోయాడు. చిన్నపిల్లగా ఉన్న మా అత్తగారిని జీపెక్కించి తిప్పేవాడట. ఒక రాత్రి చెప్పాపెట్టకుండా ఆ దండు మొత్తం ఓడెక్కి ఏదో దీవికి వెళ్ళిపోయింది. ఉతికి ఆరేసిన అతని చొక్కా ఒకటి తీగ మీద మిగిలిపోయింది. కొన్నాళ్ళకి ఆ ఓడ మునిగిందని ఎవరో అన్నారు. ఆ ఏడు పెద్దల అమావాస్యకి ఆ తల్లి తన అత్తమామలకి వేసిన ఆకుల పక్కన ఇంకో ఆకు వేసి, కారం తగ్గించి వండి పెట్టింది. ఆవిడ తర్వాత మా అత్తగారు ఆ ఆకు వేస్తూ వచ్చింది. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడు చూశాను: శాండ్రింగ్‌హామ్ పేటలో మా ఫ్లాట్ వెనక పెరట్లో మా పెద్దలందరి ఆకులూ, చివర ఉప్పూకారం లేని అమెరికా ఆకూ. కాకులు లేని దేశం కదా, గోరింకలు వచ్చి తినేవి. ఆ చివరి ఆకు మాత్రం గోరింకలూ ముట్టేవి కావు.

అన్నీ బాగానే ఉండేవి, ఆ టీవీ లేకపోతే. ఒక చలికాలం సాయంత్రం (ఇక్కడ చలి జూలైలో) వార్తల్లో, యుద్ధంలో పనిచేసిన అమెరికా ముసలివాళ్ళు ఫిజీ చూడడానికి వచ్చారని చూపించారు. వాళ్ళలో ఒకాయన విమానం మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపాడు. మా అత్తగారి చేతిలో చపాతీ అలాగే ఉండిపోయింది. “మా అన్నే” అంది. జుట్టు తెల్లగా ఉంది కదమ్మా అన్నాడు మా ఆయన. ఎర్రజుట్టు ముసలితనంలో ఎర్రగానే ఉంటుందా అని ఆవిడ ఎదురడిగింది. అంతవరకూ పరవాలేదు. మర్నాడు గుడికి వెళ్ళి పూజారిగారిని, బతికున్నవాడికి పెద్దల ఆకు వేస్తే ఏమవుతుందని అడిగి వచ్చింది. ఆయన ఏ ధ్యాసలో ఉన్నాడో, ఆయుష్షు తగ్గుతుందని చెప్పి హారతి పళ్ళెం ముందుకి జరిపాడు. ఇక చూడాలి. ఆవిడ కూర్చోదు, నిలబడదు, వంటింటి నుంచి గరాజు దాకా, గరాజు నుంచి వంటింటి దాకా నడుస్తూనే ఉంటుంది. “ఓలమ్మీ, నా చేత్తోనే నా అన్నకి ఏడాదికేడాదీ గొయ్యి తవ్వుతున్నానేటే?” అని నన్ను అడిగేది. పోనీ ఈ ఏడు వేయకుండా ఉందామంటే, నిజంగా పోయినవాడైతే ఆకలితో మన గుమ్మం ముందు నిలబడతాడు కదా అనేది. అమావాస్య దగ్గరికి వస్తోంది. ఆయన ఉన్నాడో లేడో అప్పటికి తేలాలి.

మా ఆయన సిటీ బస్సు నడిపేవాడు. ఆయన బస్సెక్కే పెద్దమనిషి ఒకాయన చెప్పాడట, లైబ్రరీలో వంశవృక్షాలు వెతికి పెట్టే అంతస్తు ఒకటుందని, అమెరికా సైన్యం వివరాలు కూడా చూపిస్తారని. ఒక శనివారం ముగ్గురం వెళ్ళాం. అక్కడ కూర్చున్న కివీ ఆవిడ (ఈ న్యూజిలాండ్ వాళ్ళని కివీలంటారు) ఎంత నెమ్మదస్తురాలంటే, నేను ఆవిడ స్థానంలో ఉంటే మమ్మల్ని మెట్ల దాకా తరిమేదాన్ని. సైనికుడి పేరేమిటని అడిగింది. మా ఆయన తల్లి వైపు తిరిగాడు. “అన్న” అంది మా అత్తగారు. అది కాదమ్మా, పేరు. “అన్నని పేరెట్టి పిలుస్తామేటి?” అంది. వాళ్ళమ్మ పెద్దోడా అనేదట, వాళ్ళ నాన్న సార్ అనేవాడట. ఇంట్లో అంతకాలం అన్నం తిన్న మనిషి పేరు ఆ ఇంట్లో ఒక్కళ్ళూ అడగలేదు, వరస కుదిరాక పేరుతో పనేముంది? ఏ రాష్ట్రం అంటే అమెరికా. ఏ దళం అంటే బట్టలు బాగా మాసే దళం. చివరికి ఆ కివీ ఆవిడ మా అత్తగారి రంగూ, చెప్పిన ఎర్రజుట్టూ మనసులో పక్కపక్కన పెట్టుకుని, చాలా మర్యాదగా, సగం అన్నగారా అని అడిగింది. తల్లి ఒకరై తండ్రులు వేరైతే ఇంగ్లీషువాళ్ళు అలా అంటారట. మా ఆయన ముఖం కందిపోయింది. ఏమంటోందిరా అని ఆవిడ ఆయన మోచెయ్యి గుంజింది. ఎంతకీ వదలకపోయేసరికి, సగం అన్నా అని అడుగుతోందమ్మా అని గొణిగాడు. “సగమేటి? పూర్తి అన్నే అని చెప్పు” అంది, ఆ అంతస్తులో పుస్తకాలు చదువుకుంటున్న ముసలివాళ్ళందరూ తలలెత్తేలా.

అప్పుడు సంచిలోంచి చొక్కా తీసింది. ఆవిడ దాన్ని లవంగాలేసి మడతపెట్టి, ఫిజీ నుంచి నగలతో పాటు తెచ్చుకుంది. కివీ ఆవిడ కాలరు తిరగేసి చూసి కుర్చీలోంచి లేచింది. లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన నాలుగు అంకెలు నల్లసిరాతో ఉన్నాయి. చాకలి దగ్గర బట్టలు కలిసిపోకుండా అమెరికా సైనికులు అలా గుర్తు వేసుకునేవారట: ఇంటిపేరు మొదటి అక్షరం, సైన్యం వాళ్ళిచ్చిన నంబరులో చివరి నాలుగు అంకెలు. సైన్యంలో చేరినవాళ్ళ వివరాలు కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి ఆ అక్షరంతో, ఆ అంకెలతో సరిపోయేవాళ్ళని ఏరవచ్చంది. ఏరింది. ఒకడు వస్తాడనుకుంటే పెళ్ళిభోజనానికి వచ్చినట్టు వచ్చారు. మా ఆయన వాళ్ళందరి పేర్లూ రాయించుకుని, తన చొక్కా జేబులో పెట్టుకుని బస్సు నడపడం మొదలుపెట్టాడు. ఎర్రదీపం పడితే కాగితం తీసి చూసుకునేవాడట. ఆకుపచ్చ పడిందని ప్రయాణికులు గుర్తుచేసేవారట.

ఆ పేర్లవాళ్ళ సైన్యం ఫైళ్ళ కోసం మా ఆయన అమెరికాకి రాశాడు. ఆ కాలం ఫైళ్ళు ఎప్పుడో ఆఫీసులో నిప్పంటుకుని చాలావరకూ కాలిపోయాయని, మిగిలినవి కూడా కన్నవాళ్ళకో, కన్నబిడ్డలకో, తోడబుట్టినవాళ్ళకో తప్ప ఇవ్వరని జవాబొచ్చింది. “తోడబుట్టినదాన్నే, రాయి” అంది మా అత్తగారు. అలా రాస్తే జైల్లో పెడతారన్నాడు మా ఆయన. తల్లీకొడుకులు రెండు రోజులు మాట్లాడుకోలేదు, నా ద్వారా ఉప్పు అడిగి తీసుకున్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. అమెరికాలో పోయినవాళ్ళ పేర్లకి కూడా ఒక లెక్క ఉందట. మా ఆయన డ్యూటీ దిగి, లైబ్రరీకి వెళ్ళి, ఒక్కొక్క పేరూ అందులో వెతికి, ఇంటికొచ్చి “వీడూ పోయాడమ్మా” అని చెప్పేవాడు.

మా అసలు కష్టాలు అక్కడ మొదలయ్యాయి. పోయినవాడు అన్న అయినా కావచ్చు కదా. చావు కబురు విన్నాక తల మీద నీళ్ళు పోసుకోకుండా పొయ్యి ముట్టుకోకూడదు. ఆవిడ తలస్నానం చేసేది. కొడుకుని చేయమనేది, మేనమామ మైల కదా (మా మరిది అప్పటికింకా ఫిజీలోనే ఉండి తప్పించుకున్నాడు). నేను కోడల్ని, నాకు తప్పుతుందా? మా ఫ్లాట్‌లో వేడినీళ్ళ సిలిండరు ఒక మనిషిన్నరకి సరిపోతుంది. వరసలో నేను ఆఖరు. పొద్దున్నుంచీ లాండ్రీలో ఆవిరికి ఉడికి, ఇంటికి వచ్చి, గజగజ వణుకుతూ నేను ముఖం చూడని అమెరికావాళ్ళకి చన్నీళ్ళు పోసుకునేదాన్ని. టెక్సాస్ ఆయనకి పోసుకున్నాను. మొంటానా ఆయనకి పోసుకున్నాను. (ఈ ఊళ్ళ పేర్లు నాకు స్నానాలతోనే వచ్చాయి. బళ్ళో వేసినా ఇంత బాగా వచ్చేవి కావు.) ఒక సాయంత్రం మా ఆయన ఇంట్లోకి వస్తూనే “ఇవాళ ఇద్దరు” అన్నాడు. ఇద్దరికీ కలిపి ఒకటే స్నానం చేయకూడదా అని అడిగాను. మా అత్తగారు నన్ను చూసిన చూపుకి ఆ చన్నీళ్ళే వెచ్చగా అనిపించాయి. జలుబు చేసి నా గొంతు మొదట పూడుకుపోయింది అప్పుడే. లాండ్రీలో మా సూపర్‌వైజరు, మీ ఇంట్లో ఎవరైనా పోయారా, రోజూ తడి తలతో దిగులుగా వస్తున్నావని అడిగింది. అమెరికాలో చాలామంది పోతున్నారని చెప్పాను. పాపం ఆవిడ నాకు ఒక పూట సెలవిచ్చింది.

అమావాస్య నాటికి ఒక్క పేరు మిగిలింది. ఒహాయోలో ఉన్నాడు, పోయినవాళ్ళ లెక్కలో లేడు, ఫోన్ నంబరు దొరికింది. ఆకులు కడిగి, వంట దింపి, ఇక వడ్డించడమే తరువాయిగా ఉండగా మా ఆయన నంబరు నొక్కాడు. అక్కడ ఇంకా ముందు రోజే అని చెబితే, “వాడికింకా అమావాస్య రాలేదన్నమాట” అని మా అత్తగారు కొంచెం ఊపిరి పీల్చుకుంది. ముసలి గొంతు పలికింది. మా ఆయన గబగబా, మాది ఫిజీ, యుద్ధంలో మా అమ్మమ్మ మీ బట్టలు ఉతికేది, మా అమ్మ అప్పుడు చిన్నపిల్ల అని మొత్తం చెప్పేశాడు. అవతల నుంచి ఆయన, చాలా దీవులు తిరిగాననీ, వాటి పేర్లు ఇప్పుడు గుర్తులేవనీ అన్నాడు. తన తల్లి ఏం పెట్టేదో అడగమంది మా అత్తగారు. అడిగాడు. ఏదో కారంగా పెట్టారు, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయన్నాడు. ఆ చిన్నపిల్ల బాగుందా అన్నాడు.

మా ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూసి, “చిన్నపిల్ల అని ముందే నేనే అందించానే. కారమని ఎవరైనా చెబుతారు” అన్నాడు. ఆయన ముఖం చూస్తే అన్ని సాయంత్రాలూ, అన్ని ఎర్రదీపాలూ వృథా అయ్యాయా అన్నట్టుంది. ఈలోపు మా అత్తగారు ఫోన్ లాక్కుంది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు గుప్పెడు. అందులోంచి ఒక మాట ఏరుకుంది. “ఈట్? ఈట్?” అని అడిగింది. తిన్నావా అని. అవతల ఆయన, యెస్ మేడమ్ అన్నాడు. ఆవిడ ఫోన్ కొడుకు చేతిలో పెట్టేసి పెరట్లోకి నడిచింది. చివరి ఆకు తీసి మడిచి పక్కన పెట్టింది. లోపలికి వచ్చి, బల్ల మీద కంచం పెట్టి, గారెలు, పాయసం, పప్పు అన్నీ వడ్డించింది. ఈసారి కారం తగ్గించలేదు.

“తిన్నానని నోటితో చెప్పినోడికి ఆకెయ్యను. బతికున్నోడికి కంచం” అంది. “ఆడు రాలేడు గానీ ఓలమ్మీ, నువ్వు కూకో. ఆడి బదులు నువ్వు తిను.”

అన్ని చన్నీళ్ళు పోసుకున్నదాన్ని, నేనెందుకు వద్దంటాను? ఆ ఏటి నుంచీ పెద్దల అమావాస్యకి ముందు అమెరికా తరఫున తిన్నాను, తర్వాత నా తరఫున తిన్నాను. ఆ ఒహాయో ఆయన కొన్ని క్రిస్మస్‌లకి ఫోన్ చేశాడు. “ఈట్?” అని ఈవిడ, యెస్ మేడమ్ అని ఆయన. అంతకుమించి వాళ్ళకి మాటలు అక్కర్లేకపోయాయి. ఒక ఏడు ఫోన్ రాలేదు. పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. మా అత్తగారు పోయేదాకా కంచమే పెట్టింది. మా ఆయన మాత్రం, సరైన మనిషినే పట్టానా, ఎవరో దారిన పోయే ముసలాయన్ని మా అమ్మకి అన్నని చేశానా అని జీవితమంతా నసుగుతూనే ఉన్నాడు.

వచ్చే పెద్దల అమావాస్యకి పెరట్లో మా ఆయన ఆకు వేయాలి. మొదటిసారి. ఆయనకి గారెలు మెత్తగా ఉంటే పడవు, అవి కరకరలాడేదాకా వేయిస్తాను. ఇక అమెరికా ఆయన. నూరేళ్ళు ఎప్పుడో దాటి ఉంటాడు. ఏ కాగితం ఏమంటుందో నేను వెతకబోను, వెతికితే మళ్ళీ తలస్నానం. బల్ల మీద కంచం పెడతాను. షుగరు వచ్చాక డాక్టరు నన్ను పాయసం ముట్టుకోవద్దన్నాడు గానీ, ఆ పాయసం నాది కాదు కదా, ఆయనది. ఇరవై రెండేళ్ళ పిల్లగా ఆ బల్ల దగ్గర కూర్చుని, తడి జుట్టు వీపు మీద వేసుకుని, కంగారుగా రెండు చేతులా తిన్నది నేనేనా అనిపిస్తుంది. ఇప్పుడు నింపాదిగా తింటాను, తొందరపెట్టేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

చాల్లే చెల్లీ, ఇక్కడితో ఆపు. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. నవ్వొచ్చే చోట నువ్వు నవ్వకు, నన్ను నవ్వనీ.