ఓడినవాళ్ళ అర్జీ

స్టాంపుప్యాడ్ సిరా వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా ఒక ముసలావిడ బొటనవేలు పట్టుకుని కాగితం మీద అదుముతుంటే, అందులో ఏముందో ఆమెకు చదివి చెప్పావా అని అతని మీద విరుచుకుపడ్డాను. ఆ కోపం నాకు మస్తాన్ గారి దగ్గర అబ్బింది.

ఆయన గుంటూరులో మా వీధి దర్జీ. పందొమ్మిదివందల యాభైల చివర్లో సాయంత్రమైతే మేమంతా వీధి చివర ఖాళీ స్థలంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళం. ఉన్ని బంతులు చుట్టేదీ ఆయనే, మాకు నియమం పెట్టిందీ ఆయనే: శనివారం ఓడిన జట్టు మునిసిపాలిటీకి అర్జీ రాసి, సోమవారం వెళ్ళి ఇచ్చిరావాలి. మురుగుకాలువ, వీధిదీపాలు అలా వచ్చినవే. ఆటలో నేను అంతంతమాత్రమే కానీ దస్తూరీ బాగుండేది. అందుకని రాత పని నాకే పడేది.

"గొప్ప మాటలొద్దయ్యా. ఎవరికేం కావాలో రాయి. వాళ్ళకి చదివి వినిపించు. ఆ తర్వాతే వేలిముద్ర," అనేవారాయన.

ఆ ఎండాకాలం అర్జీ వెనకసందు కుళాయి కోసం. మిర్చి కొట్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళు ఉండే సందు అది. మండే చేతులు కడుక్కోవడానికి వాళ్ళు రెండు వీధులు దాటి నీళ్ళు తెచ్చుకునేవారు. మస్తాన్ గారూ నేనూ ఇంటింటికీ తిరిగి వేరే కాగితం మీద వేలిముద్రలు వేయించాం.

మర్నాడు ఆయన చుట్టాల పెళ్ళికని వేటపాలెం వెళ్ళారు. ఆ సాయంత్రం, మాతో రోజూ ఆడే కౌన్సిలరు బ్యాటు పక్కన పెట్టి అన్నాడు: "ఈ ఏడు మన వార్డుకి ఒక్క పనే పడుద్ది. వాళ్ళకి కుళాయా, మన ఆట కోర్టుకి సిమెంటా? మీరే చెప్పండి."

పెద్దమనుషులంతా సిమెంటన్నారు. ఒక్కడికీ సిగ్గు లేదు. నాకూ లేదు. కొత్త అర్జీ రాశాను, దానికి ఆ వేలిముద్రల కాగితమే గుచ్చాను.

సిమెంటు పడ్డాక ఒకరోజు మస్తాన్ గారు వెనకసందు సుబ్బమ్మను కోర్టుకు తీసుకొచ్చారు. "కుళాయి ఎప్పుడొచ్చుద్దయ్యా? వేలేశాం గదా," అందామె. ఆయన మునిసిపాలిటీ నుంచి తెచ్చిన అర్జీ నకలు జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు.

"ఏం రాశావో ఆమెకి చదివి వినిపించు."

అందరి ముందూ చదివాను. ఆమె చేతులు కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. మస్తాన్ గారు ఇంకెప్పుడూ ఆ కోర్టులో అడుగుపెట్టలేదు. ఆటలోకి రాజకీయాలు తెచ్చాడని మావాళ్ళు ఆయన్నే ఆడిపోసుకున్నారు.

ఇప్పటికీ కాలనీ సంఘాలవాళ్ళు అర్జీ రాసిమ్మని నా దగ్గరకు వస్తుంటారు. ఎవరి పేరు చెప్పి అడుగుతున్నారో వాళ్ళను తీసుకురండి, వాళ్ళ ఎదుటే రాస్తానంటాను. చాలామంది మళ్ళీ రారు.